ఏటి కరెంటు ఏటి పడవకు

“ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య” అని మనవాళ్ళు ఏనాడో అన్నారు. మేలు మరిచిపోయే మనిషి బుద్ధి మీద వేసిన చురక అది. అయితే ఆ సామెతలో ఇంకో సంగతి కూడా ఉంది. ఒకప్పుడు ఏరు దాటడమంటే మల్లయ్యే. అతని భుజాలే పడవకు ఇంజను, అతని కళ్ళే దీపాలు, అతని మాటే టైంటేబిలు. తరవాత మల్లయ్య చేతిలో తెడ్డు పోయి డీజిలు ఇంజను వచ్చింది. ఇప్పుడు ఆ ఇంజను స్థానంలో బ్యాటరీ, మోటారు వచ్చే రోజులు. పడవను నడిపే శక్తి మారినప్పుడల్లా ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళ బతుకూ ఎంతో కొంత మారుతూనే వచ్చింది. ఆ కథే ఈ వారం చెప్పుకుందాం. కథ జరిగే చోటు మన పాలమూరు కృష్ణ ఒడ్డు: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు.

2016 దాకా ఈ మూడూ ఒకే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేవి. అంతకు ముందు కాలంలోనైతే గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలు. పేర్లు మారినా మధ్యన పారే ఏరు మటుకు ఒకటే. కృష్ణకు దక్షిణాన గద్వాల, ఉత్తరాన వనపర్తి. గద్వాల సీమకు అటు కృష్ణ, ఇటు తుంగభద్ర కాపలా కాస్తాయి కనకనే దానికి నడిగడ్డ అని పేరు. రెండు నదులూ కలిసిన తరవాత కొల్లాపురం అంచున సోమశిల మీదుగా నల్లమల కొండల్లోకి నీళ్ళు దూరిపోతాయి. ఇలాంటి చోట పుట్టిన ఆడపిల్లకు అత్తిల్లు అవతలి ఒడ్డున ఉందంటే, ప్రతి పండక్కీ ఏరు దాటాలన్నమాటే గదా!

గోదావరి జిల్లాల వాళ్ళకు పడవ అనగానే తెరచాప గుర్తొస్తుంది. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, దానితోపాటు కాలవలూ వచ్చాయి. గాలి ఉంటే చాప, లేకపోతే గడ, అదీ కుదరకపోతే గట్టుమీద నడుస్తూ తాడు పట్టి లాగే మనుషులు. అలా బియ్యం బస్తాలు, పెళ్ళివారు అంతా కాలవల మీదే ప్రయాణం చేశారు. పాలమూరు కృష్ణకు ఆ నెమ్మది లేదు. అడుగునిండా బండలు, వానాకాలంలో ఉరవడి, ఎండాకాలంలో మడుగులు. ఈ ఏటికి పొడుగాటి పడవకంటే గుండ్రటి పుట్టే నయం. వెదురు బద్దలతో బుట్టలా అల్లి, పైన తోలు తొడిగితే పుట్టి తయారు. బండకు తగిలినా బద్దలవదు, సర్రున పక్కకు తిరిగిపోతుంది. పని అయిపోతే ఒక్కడే నెత్తిన బోర్లించుకుని ఇంటికి తీసుకుపోవచ్చు.

ఇది ఎంత పాతదో తెలుసా? 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది దగ్గర తుంగభద్రను జనం ఎలా దాటుతున్నారో చూసి రాసిపెట్టాడు. లోపల పేము, పైన తోలు, పదిహేను ఇరవై మందిని మోయగల గుండ్రటి బుట్టలనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ కూడా దాటిస్తాయనీ, తిన్నగా పోలేక తిరుగుతూ పోతాయనీ చెప్పాడు. అదే తుంగభద్ర నడిగడ్డ చివర కృష్ణలో కలుస్తుంది. ఐదు వందల ఏళ్ళయినా పుట్టి పోలేదు. తోలు బదులు తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి, అంతే. ఇప్పటికీ కృష్ణలో చేపలు పట్టేవాళ్ళు పుట్టిలో కూచునే వల వేస్తారు.

ఈ ఏటి తీరే మారిపోయింది శ్రీశైలం ఆనకట్టతో. 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1980లు వచ్చేసరికి వెనక నీళ్ళు నిలవడం మొదలైంది. అటు కర్నూలు జిల్లాలో, ఇటు పాలమూరులో దాదాపు వంద ఊళ్ళు నీళ్ళపాలయ్యాయి. పొలాలు, ఇళ్ళు, ఇంటి ముందరి తులసికోటలు అన్నీ అడుగున ఉండిపోయాయి. దేవుళ్ళకు మటుకు కాస్త ముందుగా కబురు అందింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. సోమశిల గుళ్ళను కూడా మెరకకు మార్చారు. మనుషులు మెరక వెతుక్కున్నారు.

నీరు నిలిచాక ఏరు కాస్తా సముద్రంలా పరుచుకుంది. వేసవిలో నడిచి దాటిన చోట ఇప్పుడు కిలోమీటర్ల కొద్దీ లోతు నీళ్ళు. పుట్టిమీద పోదామంటే గాలి వీస్తే గుండె జారిపోతుంది. అలా అక్కడికి డీజిలు ఇంజను పడవలు వచ్చాయి. నల్లటి పొగ, చెవులు చిల్లులు పడే చప్పుడు, పడవ అడుగున చేరిన నూనె నీళ్ళు, దిగేసరికి చీర కుచ్చెళ్ళకు అంటుకున్న మరక. ఉతికితే పోని మరక! అయినా ఎవరూ విసుక్కోలేదు. రోడ్డు మీద చుట్టు తిరిగి వంద కిలోమీటర్లు పోవడం కంటే ఇదే మేలు గదా. ఈ పక్కవాళ్ళకు ఆ పక్కన చుట్టాలు, ఆ పక్కవాళ్ళకు ఈ పక్కన దేవుళ్ళు.

ఆ దాటడంలో కన్నీళ్ళూ ఉన్నాయి. 2007 జనవరిలో, సింగోటం జాతర రోజుల్లో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవై మంది దాకా చనిపోయారు. మొయ్యగలిగిన దానికంటే ఎక్కువ మందిని ఎక్కించుకోవడమే కొంప ముంచింది. ఈ సంగతి ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, ఇక ముందు మాట్లాడుకోబోయే కరెంటు మోటారు ఎంత మంచిదైనా ఈ ఒక్క తప్పునూ అది దిద్దలేదు. పడవ ఏ శక్తితో నడిచినా మనుషుల లెక్క మనిషే చూడాలి. ఒంటికి లైఫ్ జాకెట్ మనమే కట్టుకోవాలి.

ఇక్కడే నాకు ఒక విచిత్రం కనిపిస్తుంది. దీపం కిందే చీకటి అంటారు చూడండి, అచ్చం అలాగే. ఈ కృష్ణ ఇవాళ తెలుగునాట ఎన్ని ఇళ్ళల్లో దీపం వెలిగిస్తోందో! గద్వాల దగ్గర జూరాల ప్రాజెక్టులో ఆరు యంత్రాలున్నాయి, ఒక్కొక్కటి 39 మెగావాట్లు, వెరసి 234 మెగావాట్లు. దానికి దిగువన మరో ఆరు యంత్రాలతో 240 మెగావాట్ల కేంద్రం ఉంది. ఇంకా కిందికి పోతే శ్రీశైలంలో కుడిగట్టున 770, ఎడమగట్టున కొండ కడుపులో 900 మెగావాట్లు. ఈ అంకెలు మనకు అర్థమయ్యే భాషలోకి మార్చుకుందాం. మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్లే ఇవీను. జూరాలలో పాత కేంద్రం ఒక్క గంట నిండుగా తిరిగితే 2,34,000 యూనిట్లు. నెలకు 150 యూనిట్లు కాల్చే కుటుంబాలు 1,560 ఒక నెలపాటు వాడుకునే కరెంటు అది. ఆ జూరాలకు దిగువనే కృష్ణ మధ్యలో గుర్రంగడ్డ అనే లంక ఊరు ఉంది. బడికి పోయే పిల్లలు, పురుటికి పోయే ఆడవాళ్ళు ఎన్నో ఏళ్ళు పుట్టిమీదా, పడవమీదా ఏరు దాటారు. వంతెన కోసం అడిగీ అడిగీ అలిసిపోయారు. కరెంటు పుట్టే ఏట్లోనే కండలతో తెడ్డు వేయడం, నూనె కాల్చడం చూస్తే ఏమనాలి చెప్పండి!

పడవను కరెంటుతో నడపడమేమిటి, ఇది నేటి కుర్రకారు వేషమేమో అనుకునేవాళ్ళుంటారు. నిజానికి డీజిలు ఇంజను కంటే కరెంటు పడవే పెద్దది, వయసులో. 1838లో రష్యా రాజధాని పీటర్స్‌బర్గులో మోరిట్స్ జాకోబీ అనే శాస్త్రవేత్త, జారు చక్రవర్తి ఇచ్చిన డబ్బుతో, నేవా నదిమీద బ్యాటరీ పడవ నడిపించాడు. పద్నాలుగు మంది దాకా ఎక్కారు. నడక మటుకు మనిషి నడక కంటే తక్కువే. పైగా ఆ బ్యాటరీలో జింకు పలకలు కరిగిపోయేవి. పొయ్యిలోకి కట్టెలకు బదులు ఇత్తడి గిన్నెలు పెట్టినట్టు ఉండేదన్నమాట ఖర్చు! అంచేత అది చూసి ముచ్చటపడ్డారే గాని ఎవరూ కొనలేదు.

మళ్ళీ నింపుకోగల బ్యాటరీని 1859లో ఫ్రాన్సులో ప్లాంటే కనిపెట్టాడు. దాంతో కథ మలుపు తిరిగింది. 1881లో పారిస్‌లో గుస్టావ్ ట్రూవే అనే ఆయన పడవ వెనక తగిలించి, పని అయ్యాక తీసేయగల చిన్న కరెంటు మోటారు తయారుచేసి సీన్ నదిలో తిరిగాడు. మరుసటి ఏడాదే లండన్‌లో థేమ్స్ మీద ‘ఎలక్ట్రిసిటీ’ అనే పేరుతోనే ఒక పడవ నడిచింది. అప్పట్లో థేమ్స్ మీద డబ్బున్నవాళ్ళకు ఇంటి పడవల మోజు ఉండేది. పడవ మీదే గదులు, పూలకుండీలు, టీ బల్లలు. పక్కనుంచి ఆవిరి పడవ పోతే పొగ, మసి, ఊపు. 1889లో ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ రాసిన జెరోమ్ కూడా ఆ ఆవిరి పడవల మీద తన కసి అంతా తీర్చుకున్నాడు. ఆ చోట కరెంటు పడవ చప్పుడు లేకుండా జారిపోతే ఎవరికి ముద్దురాదు? నది పొడుగునా బ్యాటరీలు నింపే స్థావరాలు వెలిశాయి. కొన్ని స్థావరాలైతే అవే నీటిమీద తేలుతూ ఉండేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తరవాత సోమశిల దగ్గర దీని పని పడుతుంది.

1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ సందర్భంగా ఏర్పాటైన సర్వమత మహాసభలోనే మన వివేకానందస్వామి మాట్లాడారు. ఆ ప్రదర్శనలో తవ్విన కాలవల మీద 55 కరెంటు పడవలు తిరిగాయి, పది లక్షల మందికి పైగా ఎక్కి దిగారు. అంత వైభవం చూసిన కరెంటు పడవ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మాయమైపోయింది. చవక పెట్రోలు వచ్చింది, దాంతో మన బ్యాటరీ బరువు తట్టుకోలేకపోయింది. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటే ఇదే.

అన్ని చోట్లా పోలేదు లెండి. జర్మనీలో బవేరియా కొండల మధ్య కోనిగ్‌జే అనే సరస్సు ఉంది. అక్కడి రాజప్రతినిధి లుయిట్‌పోల్డుకు వేట అంటే ప్రాణం. ఇంజను చప్పుడుకు జింకలు బెదిరిపోతాయని కరెంటు పడవలకే ఒప్పుకున్నాడంటారు. 1909 నుంచి నేటిదాకా ఆ సరస్సులో యాత్రికులను తిప్పేది కరెంటు పడవలే. మధ్యలో పడవ ఆపి బూరా ఊదితే కొండలు బదులు పలుకుతాయి, ఆ నిశ్శబ్దంలో. రాజు మనసులో ఉన్నది జింకల మీద దయ కాదు, తుపాకీ గురి. అయినా లాభం మటుకు సరస్సుకు వచ్చింది. మన సోమశిల దాటి శ్రీశైలం పోయే దారి కూడా నల్లమలలో అమ్రాబాదు పులుల అడవి అంచునే. జింకలకు చెవులు ఇక్కడా ఉన్నాయి.

మన దేశంలో ఈ కథను మళ్ళీ మొదలుపెట్టింది మలయాళీలు. 2017 జనవరిలో వైకోం దగ్గర ‘ఆదిత్య’ అనే రేవు పడవను నీళ్ళలోకి దించారు. 75 మంది కూచోవచ్చు. పైకప్పు నిండా సూర్యరశ్మి పలకలు, 20 కిలోవాట్లు. అడుగున రెండు 20 కిలోవాట్ల మోటార్లు, 50 యూనిట్ల బ్యాటరీ. యాభై యూనిట్లంటే మన మాదిరి సంసారానికి పది రోజుల వాడకం. పావుగంట దూరం, రోజుకు ఇరవై సార్లకు పైగా ఇటూ అటూ. మూడేళ్ళు తిరిగేసరికి లక్ష లీటర్లకు పైగా డీజిలు మిగిలిందని లెక్క తేల్చారు. 2023 ఏప్రిల్లో కొచ్చిలో వంద మంది పట్టే కరెంటు పడవలతో వాటర్ మెట్రో మొదలైంది. అందులో మోటారు నడిచేది బ్యాటరీతో, అయితే అవసరానికి ఉంటుందని డీజిలు జనరేటరు కూడా పెట్టుకున్నారు. ఈ కలపడం మన గద్వాల చీర వంటిది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రోజంతా కట్టుకున్నా బరువనిపించనిది నూలు, నలుగురిలో మాట నిలబెట్టేది పట్టు. రెండింటినీ ఎక్కడ కలపాలో తెలియడమే నేత పనితనం.

సరే, కేరళ వాళ్ళ సంగతి కేరళది. మన కృష్ణ మీద ఇది కుదురుతుందా? ఇంట్లో ఫ్రిజ్జు కొనేముందు మనం వేసుకునే లెక్కే ఇక్కడా వేద్దాం.

లీటరు డీజిల్లో ఉన్న శక్తి సుమారు పది యూనిట్లు. ఇంజను దాన్ని కాల్చి పడవ పంకాకు ఇచ్చేది మూడు యూనిట్ల మాత్రమే. మిగతాదంతా వేడి, పొగ, చప్పుడు. ఆ మూడు యూనిట్లనూ బ్యాటరీలో దాచాలంటే పాతిక ముప్ఫై కిలోల బ్యాటరీ కావాలి. అంటే ఇరవై లీటర్ల డబ్బా చేసే పనికి ఐదారు వందల కిలోలు. స్కూటరుకైతే ఇది మోయలేని బరువు. పడవకు అంత ఇబ్బంది లేదు, ఎందుకంటే దాన్ని మోసేది నీరు. అడుగున గట్టిగా బిగిస్తే పడవ కుదురుగా కూడా ఉంటుంది. అదే కప్పు మీద పెడితే ప్రమాదం.

ఇంకో సూత్రం ఉంది, అది మన అమ్మమ్మలకు తెలియకపోయినా తెలిసినట్టే. నిదానమే ప్రధానం అన్నారుగా! నీళ్ళలో పడవ వేగం రెట్టింపు చేయాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. తొందరపడే పడవకు బ్యాటరీ పనికిరాదు. నెమ్మదిగా పోయే పడవకు దానికి మించింది లేదు. రోజూ అవే రెండు రేవుల మధ్య, అంతే దూరం, అంతే వేగం. ఇలాంటి దానికి రాత్రి నింపుకుంటే పగలు ఖర్చుపెట్టుకోవచ్చు.

కాని దాటే పడవల కాలం ఇక్కడ ఎంతోకాలం ఉండేట్టు లేదు. సోమశిల నుంచి సిద్ధేశ్వరానికి కృష్ణ మీద తీగల వంతెనను 2022లో కేంద్రప్రభుత్వం మంజూరు చేసింది, వెయ్యి కోట్ల పైచిలుకు ఖర్చుతో. వంతెన వస్తే మంచిదే, పురిటి నొప్పులతో ఏ తల్లీ రేవులో ఎదురుచూడక్కర్లేదు. అయితే ఏరు దాటి తెప్ప తగలేసినట్టు పడవను మరిచిపోతామా? పోము. దాటడానికి వంతెన వచ్చిన ప్రతిచోటా పడవ సరదాకు మిగులుతుంది. కేరళలో ధాన్యం మోసిన పాత పడవలే ఇంటి పడవలయ్యాయి. గోదావరి మీద దిండి దగ్గర కూడా ఇంటి పడవలు వచ్చాయి. సోమశిల నుంచి శ్రీశైలానికి యాత్రికుల లాంచీ నడిపించారు. రేపు సోమశిల రేవులో ఇంటి పడవలు వరసకట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎంచుకోవలసిన సమయం అవి వచ్చిన తరవాత కాదు, రాకముందే.

ఇంటి పడవకు కావలసింది ఎంత? పగలు మూడు గంటలు మెల్లగా తిరిగి, సాయంత్రానికి ఒడ్డుకు కట్టేసే పడవ అనుకుందాం. పది కిలోవాట్ల చొప్పున తిరగడానికి 30 యూనిట్లు. ఇక రాత్రి సంగతి చూడండి. రెండు గదులకు రెండు ఏసీలు, తెల్లవార్లూ ఆడితే పదహారు నుంచి ఇరవై యూనిట్లు. ఫ్రిజ్జు, ఫ్యాన్లు, వంట, నీళ్ళ మోటారు కలిపితే ఇంకో పది. అంటే కదలడానికి ఎంత ఖర్చో, కదలకుండా ఉండడానికీ అంతే! ఇల్లు నడిపే మనకు ఇది కొత్త సంగతి కాదు. ప్రయాణం ఖర్చు అందరికీ కనబడుతుంది, ఇంట్లో కూచున్న ఖర్చు ఎవరికీ కనబడదు. డీజిలు పడవలోనైతే ఆ రాత్రి ఖర్చు కోసం జనరేటరు తెల్లవార్లూ మొత్తుకోవాలి. వెన్నెల రాత్రి, చుట్టూ నల్లమల, చెవిదగ్గర జనరేటరు! దానికోసం అంత దూరం పోవడం ఎందుకు? మన వీధిలో కరెంటు పోయినప్పుడు వినేదే గదా.

కప్పు మీద ఎనిమిది కిలోవాట్ల పలకలు పరిస్తే పాలమూరు ఎండకు రోజుకు ముప్ఫై యూనిట్లకు అటూ ఇటూగా వస్తాయి. పగటి తిరుగుడు ఖర్చు ఎండే ఇచ్చేసినట్టు. రాత్రి ఖర్చు మటుకు ఒడ్డున ఉన్న లైను నుంచి తీసుకోవాలి. ఇక సోమశిల నుంచి శ్రీశైలం దాకా నూరు కిలోమీటర్లకు పైగా పోయే లాంచీ ఉంది చూడండి, దానికి ఉత్త బ్యాటరీ చాలదు. అక్కడ గద్వాల చీర పద్ధతే సరి: రేవుల దగ్గరా, అడవి అంచునా కరెంటు, మిగతా దూరానికి జనరేటరు తోడు.

చిక్కులు లేవని చెప్పను. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వేసవికి యాభై అడుగులకు పైగా పడిపోయిన ఏళ్ళున్నాయి. అప్పుడే అవతల సంగమేశ్వరుడి గుడి నీళ్ళలోంచి బయటపడి పూజలందుకుంటుంది. దేవుడు బయటికి వచ్చేసరికి నీళ్ళు రేవును వదిలి ఎక్కడికో పోతాయి. ఒడ్డున సిమెంటు దిమ్మ కట్టి ప్లగ్గు పెడితే మార్చి నాటికి అది మెట్టమీద వెక్కిరిస్తూ నిలబడుతుంది. థేమ్స్ వాళ్ళ తేలే స్థావరాన్ని గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. బల్లకట్టు మీద ప్లగ్గు పెట్టి నీటితోపాటు దించాలి, ఎత్తాలి. నూట ముప్ఫై ఏళ్ళ కిందట చేసిన పని ఇప్పుడు చేయలేమా?

గుర్రంగడ్డ వంటి చోట వరద రోజుల్లో లెక్క వేరు. గంటకు పది కిలోమీటర్లు పోయే పడవకు ఎదురుగా ఐదు కిలోమీటర్ల ఉరవడి ఉంటే మిగిలేది సగమే, బ్యాటరీ రెట్టింపు తింటుంది. వరదలో అసలు ఏ పడవా దించకూడదు, దానికి వంతెనే మందు. ఇంకా మొదటి పెట్టుబడి ఎక్కువ. ఎనిమిది పదేళ్ళకు బ్యాటరీ మార్చాలి. రేవులో పడవ నడుపుకునే పేదవాడికి అంత డబ్బు ఎవరిస్తారు? డీజిలు రోజూ కొంచెం కొంచెంగా కొనుక్కోవచ్చు, చింతపండు కొన్నట్టు. బ్యాటరీ అలా కాదు, బంగారం కొన్నట్టు ఒక్కసారే కొనాలి. బ్యాంకు అప్పో, సర్కారు సాయమో లేకుండా ఇది కరెంటు పడవ అవదు, కలవారి పడవ అవుతుంది. రిపేరు మాటకొస్తే, బోరు మోటార్ల పుణ్యమా అని మన మండల కేంద్రాల్లో వైండింగు షాపుకు కరువు లేదు. పడవ మోటారును నడిపే ఎలక్ట్రానిక్ పెట్టెకు మటుకు కొత్త చదువు కావాలి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ వెలిసింది. అలాంటి చోట చదివిన పిల్లలకు ఆ పెట్టె విప్పడం బ్రహ్మవిద్యేమీ కాదు.

ఇంత ఆలోచన ఒక పడవకెందుకు అంటారేమో. కారణం రేవులో లేదు, మన వంటింట్లో ఉంది. కొల్లాపురం దగ్గర ఎల్లూరులో ఈ నీళ్ళనే పైకి తోడతారు. కల్వకుర్తి ఎత్తిపోతలకు అక్కడ ఐదు పంపులు, ఒక్కొక్కటి 30 మెగావాట్లు. ఆ ఒక్క పంపు తాగే కరెంటుతో ఆదిత్య లాంటి పడవలు 750 నడపొచ్చు. పొలాలకే కాదు, మిషన్ భగీరథ కింద పాలమూరు ఇళ్ళల్లో కుళాయిలకు వచ్చే నీళ్ళూ అక్కడివే. అంటే సోమశిల రేవు ఒక రకంగా మన బిందెకు మూతి. ఆ నీళ్ళమీద ఒక పడవ కార్చే నూనె కనబడదు. యాభై ఇంటి పడవలు ఏళ్ళ తరబడి కారిస్తే కనబడుతుంది. అప్పుడు శుద్ధి చేయడానికయ్యే ఖర్చు పడవవాడు కట్టడు, యాత్రికుడు కట్టడు. కాచి వడబోసుకునే తల్లి కడుతుంది.

ఊళ్ళను ముంచి కరెంటు తెచ్చుకున్నాం. ఆ నీళ్ళకింద ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆ నీళ్ళమీదే పడవ నడుపుకుని బతికారు. ఆ ఏరు ఇచ్చిన కరెంటులో కాసిన్ని యూనిట్లు ఆ ఏటి పడవకు ఇవ్వడం దానమేమీ కాదు, బాకీ. ఈసారి మీరు సోమశిలకో, జూరాలకో పిల్లలతో వెళ్ళి పడవ ఎక్కితే, టిక్కెట్టు ఎంతని అడిగినట్టే ఇది దేనితో నడుస్తుందని కూడా అడగండి. పదిమంది ఆడవాళ్ళు అదే మాట అడిగితే మల్లయ్య ఆలోచిస్తాడు. మల్లయ్యకు అప్పిచ్చేవాళ్ళూ ఆలోచిస్తారు.